పరశురాములు చెవి

సిరిసిల్ల,
జూన్ నెల

చెల్లె రాజమణికి,

కవరు మీద నా చేతిరాత చూసి గుండె పట్టుకోకు. అందరం బాగానే ఉన్నాం. మీ వదినె సమ్మవ్వ బీడీల చాట పక్కన పెట్టి, "గా పిల్లకు ఉత్తరమేందయ్యా, ఫోను లేదా?" అని నవ్వుతోంది.

ఫోను ఉంది. దానితోనే తంటా. మొన్న మన ఇంటోళ్ల వాట్సాప్ గ్రూపులో "సిరిసిల్లలో పాత సాంచాలన్నీ ఇనుప సామాన్లోళ్లకు అమ్మేసి కొత్త రకం మగ్గాలు పెట్టుకోకపోతే ఎవరూ బతకరు" అని రాశావు. నేను జవాబు రాస్తుండగానే ఫోన్ చేశావు. నువ్వు ఫోన్‌లో మొదలుపెడితే ఆగవు. నేను "సరే సరే" అని పెట్టేస్తాను. తర్వాత నువ్వు అలుగుతావు. అందుకే ఒక ఒప్పందం చేసుకుందాం. జ్వరాలు, పెండ్లిళ్లు, చావు కబుర్లు ఉంటే వదినెకు ఫోన్ చెయ్యి. రాజకీయం, సైన్సు, టెక్నాలజీ, లోకం ఎటు పోతోందన్న పంచాయితీ ఉంటే నాకు కాగితం మీద రాయి. గ్రూపులో అయితే సగం మంది చదవకుండానే దండం బొమ్మ పెడతారు.

ఇక నీ మాటకు జవాబు. మరమగ్గాన్ని మనం సాంచ అంటాం, ఆ చప్పుడులోనే నువ్వు పుట్టావు, పాలు తాగావు, పదో తరగతి చదివావు. ఇప్పుడు అది ఇనుప తుక్కు అయిందా? యజమాని జనార్దన్ పడుగు నూలు చుట్టిన బీములు పంపుతాడు, నేను నేసి గుడ్డ ఇస్తాను, కూలి తీసుకుంటాను. బాపు కాలం నుంచి ఇదే నడుస్తోంది. కొత్త మగ్గానికి ఏదైనా అయితే సూరత్ నుంచి మనిషి రావాలి. నా సాంచకు ఏదైనా అయితే నేను చాలు.

గొప్పలు కావు ఇవి. వాడలో ఎవరి సాంచ మొరాయించినా మెకానిక్ కంటే ముందు నన్ను పిలుస్తారు. గుమ్మంలో నిలబడి వింటాను. నూలు మోసుకుని అటూ ఇటూ ఉరికే నాడె కొట్టే దెబ్బలో తేడా ఎక్కడుందో చెబుతాను. పక్కింటి బుచ్చన్న, "పరశురాములు చెవికి సర్కారు పింఛనియ్యాలె" అంటాడు. నువ్వేమో గ్రూపులో కంప్యూటర్ మనిషిలా ఆలోచిస్తుందని వీడియోలు పంపుతావు. ఆలోచిస్తే ఆలోచించనీ. వింటుందా?

తప్పులు దిద్ది ఈ ఉత్తరం వాపసు పంపకు. నేను నీ బడిపిల్లగాణ్ని కాదు.

మీ అన్న,
పరశురాములు


కోరుట్ల,
జులై

అన్నకు,

మా పోస్ట్‌మ్యాన్ నీ కవరు పట్టుకుని గేటు దగ్గర నిలబడి, "మేడం, గిది బ్యాంకుది గాదు, కోర్టుది గాదు, మరి ఎవలది?" అని అడిగాడు. మా అన్నది అన్నాను. "అయ్యో, ఏమైందట?" అన్నాడు. ఈ కాలంలో ఉత్తరం రాసేంత కోపం నీకు తప్ప ఎవరికి వస్తుంది?

ఒప్పందానికి ఒప్పుకుంటున్నాను. ఒకటి మాత్రం చెప్పాలి. నాకు జిల్లా ఉత్తమ టీచర్ అవార్డు వచ్చిన రోజు అందరికంటే ముందు నీకే ఫోన్ చేశాను. ఏడుస్తూ చెప్పాను. నువ్వు "సరే సరే" అని పెట్టేశావు. దాని మీద ఇంకేమీ రాయను.

ఇప్పుడు పంచాయితీ. ఆడవాళ్లకు బస్సు టికెట్ లేకపోవడాన్ని నువ్వు గ్రూపులో వెక్కిరించావు. నేను మెట్‌పల్లి దాటి మా బడికి రోజూ ఆ బస్సులోనే పోతాను. నా పక్కన పసుపు తవ్వే కూలీలు కూర్చుంటారు. ఇదివరకు ఊళ్లో ఎంత ఇస్తే అంతకే పనిచేసేవాళ్లు. ఇప్పుడు ఎక్కువ కూలి ఇచ్చే ఊరికి బస్సెక్కి పోతున్నారు. దాంతో ఊళ్లో భూములున్న ఆసాములు కూడా కూలి పెంచారు. ఆర్థికశాస్త్రం పుస్తకాల్లోనే ఉండదు అన్నా, బస్సులో కూడా ఉంటుంది.

నేనేమీ యంత్రాలకు మొక్కే మనిషిని కాను. మీ బావ నడిపే బట్టల దుకాణానికి వచ్చి, చీర విప్పించి, చేత్తో పట్టి చూసి, ఫోన్‌లో ఫోటో తీసుకుని, ఇంటికి పోయి అదే చీర ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు ఎంతమందో. ఆయన పండ్లు కొరుకుతాడు. నాకూ కోపమే. అయినా తలుపు మూసుకుంటే గాలి ఆగుతుందేమో గాని కాలం ఆగదు.

అసలు సంగతికి వస్తాను. నీ మేనకోడలు శ్రీలత జగిత్యాల ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరానికి వచ్చింది కదా. ప్రాజెక్టు కోసం ఒక డబ్బా తయారు చేస్తోంది. దాన్ని సాంచకు బిగిస్తే, దెబ్బలో తేడా రాగానే గంట మోగుతుంది. "మామ షెడ్డులనే పెట్టి సూస్త" అని పట్టు పట్టింది. పంపనా?

నీ చెల్లె,
రాజమణి


సిరిసిల్ల,
ఆగస్టు

చెల్లే,

బస్సు విషయంలో ఓడిపోయాను. ఇది గ్రూపులో పెట్టావంటే మళ్లీ నీ గడప తొక్కను.

డబ్బా విషయంలో ఓడను. నేను యంత్రాలు వద్దనే మనిషినని ప్రచారం చేస్తున్నావు. బాపు చేతిమగ్గం దించి సాంచ పెట్టిన రోజు మన వాడంతా నవ్వింది. "కరెంటు పోతే ఏం తింటవ్ రా" అన్నారు. బాపు ఎవరికీ జవాబు చెప్పలేదు, సాంచ నడిపి చూపించాడు. ఆ ఇంటి కొడుకును నేను. అవసరమైన యంత్రాన్ని ఎదురుపోయి తెచ్చుకుంటాను. నా ఒంట్లో ఉన్నదాన్నే డబ్బాలో పెట్టి నాకే అమ్ముతామంటే మాత్రం నవ్వొస్తుంది.

అయినా మేనకోడలు వస్తానంటే వద్దంటానా? పంపు. మీ వదినె మక్క గారెలు చేస్తానంటోంది. డబ్బా కూడా తెచ్చుకోమను. ఒక మూలకు బిగించుకోనీ. అది గంట కొట్టేలోపు నేను సాంచ ఆపుతాను చూడు.

ఇక్కడ పని కొంచెం మందంగా ఉంది. జనార్దన్ మొన్న ఒక తాను వాపసు పంపాడు. గుడ్డలో పలుచని పట్టీలు పడ్డాయట. అంతకుముందు కూడా ఒకసారి పంపాడు. నూలు మంచిది కాదు. ఈ మధ్య వచ్చే నూలంతా అంతే. మళ్లీ ఇట్లనే వస్తే బీములు వేరేవాళ్లకు ఇస్తానని కబురు పెట్టాడు. నాకు కబురు పెట్టేంత పెద్దవాడయ్యాడు. నేను పడుగు ఎక్కించడం నేర్పిస్తే నేర్చుకున్నవాడు.

అవార్డు సంగతి వదినె చెప్పింది. నాకు సంతోషం లేదనుకున్నావా?

పరశురాములు


కోరుట్ల,
సెప్టెంబర్

అన్నకు,

శ్రీలత క్షేమంగా ఇల్లు చేరింది. వదినె కట్టిచ్చిన గారెలు దారిలోనే సగం అయిపోయాయి.

ఈ వారం ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెబుతున్నాను. నీకూ చెప్పాలనిపించింది. మన చెవి లోపల గవ్వలాంటి గూడు ఉంటుంది. అందులో కంటికి కనపడని సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి. చప్పుడు లోపలికి రాగానే అవి ఊగుతాయి. ఆ ఊపే మనకు వినికిడి. రోజూ పెద్ద చప్పుడు మీద పడితే అవి వంగిపోతాయి, తర్వాత విరిగిపోతాయి. నాటేసిన మడిలో ఒకే దారిన మనుషులు నడుస్తుంటే అక్కడ నారు లేవదు కదా, అట్లా. ఒకసారి పోతే మళ్లీ మొలవవు. నొప్పి ఉండదు. మెల్లగా పోతాయి గనుక మనిషికి కూడా తెలియదు, తెలిసినా చెప్పడు.

దసరా సెలవుల్లో నేను చెవులు చూపించుకోవడానికి కరీంనగర్ పోదామనుకుంటున్నాను. బడిలో పిల్లల అరుపులకు నాకు కూడా ఏదో తేడాగా ఉంది. ఒక్కదాన్నే ఎందుకు, నువ్వు తోడు రారాదా? ఇద్దరం చూపించుకుందాం.

బతుకమ్మకు వస్తానని వదినెకు చెప్పు.

రాజమణి


సిరిసిల్ల,
సెప్టెంబర్

రాజమణికి,

నీ చెవుల పాఠం అందింది. నేను ఎనిమిదో తరగతి ఎప్పుడో దాటాను.

నీ చెవికి ఏ రోగమూ లేదు. చిన్నప్పుడు అటక మీద బెల్లం డబ్బా మూత తీస్తే వాకిట్లో ఆడుకుంటున్న నీకు వినబడేది. నా దగ్గర నాటకాలెందుకు? ఆ పిల్ల నా ఇంట్లో తిని, నా షెడ్డులో తిరిగి, నీకు ఏం చాడీలు మోసిందో నాకు తెలియదు. డబ్బా పనిచేయలేదని నేనన్నాను. దానికి రోషమొచ్చినట్టుంది.

పరశురాములు చెవి గురించి సిరిసిల్లలో ఎవరినైనా అడుగు. తర్వాత నాకు పాఠం చెప్పు.

బతుకమ్మకు వస్తే రా. పాఠాలు మాత్రం బడిలోనే పెట్టి రా.

పరశురాములు


కోరుట్ల,
అక్టోబర్

అన్నా,

బతుకమ్మకు కావాలనే రాలేదు. ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

శ్రీలత నీ మీద ఏమీ మోయలేదు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చింది. ఎంత అడిగినా చెప్పలేదు. మరునాడు చెప్పింది.

ఆ రోజు మధ్యాహ్నం మూలన ఉన్న సాంచకు డబ్బా బిగించింది. కాసేపటికి గంట మోగింది. సాంచాల చప్పుడులో గంట ఎవరికీ వినబడదు, ఆ సంగతి పిల్లకు ముందు తట్టలేదు. దగ్గరికి వచ్చి సైగ చేస్తే నువ్వు చెయ్యి పెట్టి చూసి, సాంచ బాగానే ఉంది, నీ డబ్బాకే రోగం అన్నావు. అప్పుడే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగిపోయాయి. షెడ్డు అంతా నిశ్శబ్దం. డబ్బా బ్యాటరీ మీద నడిచేది కాబట్టి గంట మోగుతూనే ఉంది. నువ్వు దానికి వీపు పెట్టి కూర్చుని చాయ్ తాగుతున్నావు. పిల్ల నీ వెనక నిలబడి "మామా" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. నువ్వు చాయ్ చల్లారిందని కప్పు వైపు చూశావు గాని వెనక్కి తిరగలేదు. వదినె వచ్చి గంట ఆపేయమని సైగ చేసి, పిల్ల చెయ్యి పట్టుకుందట. ఆ సాంచకు కింద ఒక నట్టు నిజంగానే వదులైందట.

అన్నా, నీకు వినబడటం లేదు.

నేను ఈ రెండేళ్లూ నీ మీద ఎంత కోపం పెట్టుకున్నానో తెలుసా? ఫోన్‌లో నా మాట పూర్తి కాకముందే పెట్టేస్తాడు, గర్వం పెరిగింది, చెల్లె అంటే లెక్క లేదు అని మీ బావ దగ్గర ఎన్నిసార్లు అన్నానో. ఉత్తరాలు రాసుకుందామంటే అది కూడా నీ పెద్దరికం అనుకున్నాను. ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏమయ్యేది?

కోపంగా రాసినా సరే, జవాబు రాయి.

నీ చెల్లె


సిరిసిల్ల,
నవంబర్

చెల్లే,

చాలా కాగితాలు చింపాను. ఇది కూడా చింపుతానేమోనని మీ వదినె ఎదురుగా కూర్చుంది.

నువ్వు రాసినది నిజం.

మొదట సన్నని కీచు చప్పుళ్లు పోయాయి. కుక్కర్ విజిల్, సైకిల్ బెల్లు. ఆ తర్వాత ఆడవాళ్ల గొంతులు, పిల్లల గొంతులు. ఫోన్‌లో నీ మాట గిన్నెలో నీళ్లు కదిలినట్టు ఉంటుంది తప్ప మాటలు తెలియవు. ఏమి అన్నావో తెలియక "సరే సరే" అనేవాణ్ని. అవార్డు వచ్చిన రోజు నువ్వు ఏడుస్తున్నావని మాత్రం తెలిసింది. ఎవరికి ఏమైందోనని "సరే సరే" అంటూనే ఫోన్ సమ్మవ్వకు ఇచ్చాను. అప్పటికే కట్ అయింది.

వాడలో ఎవరికీ తెలియలేదు. ఎట్లా తెలుస్తుంది చెప్పు? సాంచాలు నడిచేచోట ఎవరి మాటా ఎవరికీ వినబడదు. నూలు అయిపోయిందంటే ఒక సైగ, చాయ్ తాగుదామంటే ఒక సైగ, యజమాని వస్తున్నాడంటే ఒక సైగ. మిగతాదంతా పెదవులు చూసి తెలుసుకుంటాం. అక్కడ చెవి ఉన్నవాడికీ లేనివాడికీ తేడా లేదు. అందుకే నేను షెడ్డు వదిలి బయటికి రావడం తగ్గించాను. అందరూ పరశురాములుకు పని మీద ఎంత ఇష్టమో అన్నారు.

సాంచ మీద చెయ్యి పెడితే ఊపు తెలుస్తుంది, దానితో నెట్టుకొస్తానని అనుకున్నాను. చెయ్యి చాలలేదు. నూలు తప్పు కాదు. పట్టీలు పడిన తాన్లు నావే.

బాపు నుంచి నాకు వచ్చిన ఆస్తి ఈ షెడ్డు కాదు, ఈ చెవి. చెవి పోయిందని తెలిస్తే జనార్దన్ బీములు ఆపేస్తాడు. వాడలో పిలవడం మానేస్తారు. సాంచాలు పోతే పోయాయి, నన్ను చూసి "పాపం" అంటారు కదా. దాన్ని నేను తట్టుకోలేను. నాకు సాయం చెయ్యాలనుకుంటే ఈ మాట నీ దగ్గరే ఉంచుకో.

పరశురాములు


కోరుట్ల,
నవంబర్

అన్నా,

నీ ఉత్తరం బడిలో చదివాను. పిల్లలకు పరీక్ష పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఏడుపు అయిపోయింది, ఇక కోపం. నలభై దాటగానే కండ్లద్దాలు పెట్టుకున్నావు. అప్పుడు నీ పరువు ఎక్కడికీ పోలేదు. కండ్లకు అద్దాలు పెడితే చదువుకున్నవాడిలా ఉన్నావంటారు, చెవికి మిషన్ పెడితే ముసలివాడంటారు. ఇది సైన్సు కాదు, లోకం తెలివితక్కువతనం. దానికి నువ్వు కూడా తల ఊపుతున్నావు.

ఇంకో మాట. చీర ఖరీదులో నూలు లెక్క ఉంటుంది, కరెంటు లెక్క ఉంటుంది, నీ కూలి ఉంటుంది. నీ చెవి ఎవరి లెక్కలో ఉంది? నువ్వు తాగుబోతువై పోగొట్టుకున్నావా దాన్ని? గుడ్డ నేసి పోగొట్టుకున్నావు. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. మా బడిలో ఎంతమంది పిల్లలు సిరిసిల్లలో నేసిన యూనిఫాం వేసుకుని నా ముందు కూర్చుంటారో నాకు తెలుసు. పొద్దున ప్రార్థనలో ఆ వరుసలు చూసినప్పుడల్లా, ఇది మా అన్న గుడ్డ కావచ్చు అని లోలోపల పొంగిపోతాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆదివారం నేను సిరిసిల్లకు వస్తున్నాను. టికెట్ లేని బస్సులోనే. సోమవారం ముగ్గురం కరీంనగర్ పోతున్నాం. ఇది అడగడం కాదు, చెప్పడం.

రాజమణి


సిరిసిల్ల,
డిసెంబర్

చెల్లే,

నువ్వు పోయినప్పటి నుంచి ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఇది ఎగతాళి, తెలుసుకో.

డాక్టర్ చెప్పినది నువ్వు విన్నావు గాని, చెవి పరీక్ష చేసే ఆ గాజుగదిలో నాకేమైందో నేను నీకు చెప్పలేదు. పరీక్ష కోసం ఆ చిన్న మిషన్ చెవిలో పెట్టినప్పుడు మీ వదినె, "ఇనవడ్తుందా?" అంది. రెండేళ్లుగా ఆమె నాతో అరిచే మాట్లాడుతోంది. ఆమె గొంతు అంత మెత్తగా ఉంటుందని నేను మరిచిపోయాను. నాకు దుఃఖం వచ్చింది. నువ్వు చూడకూడదని నీళ్లు తాగే నెపంతో బయటికి పోయాను.

నా మిషన్ రావడానికి ఇంకా టైం పడుతుందట. వచ్చినా సాంచాల మధ్య పెట్టుకోవద్దని డాక్టర్ అన్నాడు. అక్కడ ఉన్న కాస్త చెవినైనా కాపాడుకోవడానికి చప్పుడు ఆపే రబ్బరు దుద్దు చెవిలో పెట్టుకోవాలి. కాబట్టి షెడ్డులో నా గతి మళ్లీ అదే. మేనకోడలికి నేనే కబురు చేశాను. పిల్ల మళ్లీ వచ్చింది. ఈసారి డబ్బాకు గంట తీసేసి ఎర్రలైటు పెట్టింది. అట్లాంటివే ఇంకొన్ని చేసి అన్ని సాంచాలకూ బిగించింది. లైటు వెలిగినప్పుడల్లా పోయి చూస్తున్నాను. జనార్దన్ ఈ నెల తాన్లు ఒక్కటీ వాపసు పంపలేదు.

ఇవేంటని బుచ్చన్న అడిగితే, "మేనకోడలి పరీక్షలకు పెట్టిన" అన్నాను. నిజం చెప్పలేదు. నన్ను తొందర చెయ్యకు.

మీ అన్న


జగిత్యాల,
జనవరి

అన్నా,

శ్రీలత కాలేజీ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇంటికి పోయేదాకా ఆగలేను.

ఈరోజు ప్రాజెక్టుల ప్రదర్శన. బయటి నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ డబ్బాను తిప్పి చూసి, అందరూ అలారం పెడతారు, నువ్వు లైటు ఎందుకు పెట్టావు, అది తక్కువ రకం పద్ధతి కదా అన్నాడు. శ్రీలత మొదట గంటే పెట్టానంది. తర్వాత, "సర్, మా మామకు ఇనరాదు. ఆయన చెవి సాంచలకే పోయింది. గంట పెడ్తె నా డబ్బా ఆయనకు ఎందుకు?" అంది. హాలులో అందరి ముందూ, తల ఎత్తి.

ప్రొఫెసర్ ఆ లైటును మళ్లీ వెలిగించి చూసి, ఇది షెడ్డుకు పోయి నేర్చుకున్న ప్రాజెక్టు అన్నాడు. మొదటి బహుమతి ఇచ్చారు.

నీ మాట బయటపెట్టింది నా బిడ్డ. నేను చెప్పమనలేదు, ఆపనూ లేదు. తిట్టాలంటే నన్ను తిట్టు. దాన్ని మాత్రం ఏమీ అనకు. వేదిక మీద అది "మా మామ" అన్నప్పుడు దాని ముఖం చూడాల్సింది నువ్వు.

రాజమణి


సిరిసిల్ల,
ఫిబ్రవరి

చెల్లే,

తిట్టడానికే కూర్చున్నాను. రాయడం మొదలుపెట్టాక తిట్లు రాలేదు. ఇరవై రెండేళ్ల పిల్ల అందరి ముందు చెప్పగలిగిన మాటను దాని మేనమామ పక్కింటివాడికి చెప్పలేకపోతున్నాడు. నాలుగు రోజులు అదే నా మనసును కొరికింది.

మున్సిపల్ ఎన్నికలు కదా. నిన్న మన నేతోళ్ల సంఘం హాలులో మన వార్డు అభ్యర్థులందరినీ పిలిచాం. బుచ్చన్న కొడుకు సాగర్ కూడా నిలబడ్డాడు. మైకు పట్టుకుని చీరల ఆర్డర్లు తెస్తా, కరెంటు బిల్లు తగ్గిస్తా అని చెబుతున్నాడట. నాకేం వినబడుతుంది, మిషన్ ఇంకా రాలేదు, వెనక గోడకు రాసిన మాటలు చూసి అర్థం చేసుకున్నాను. అందరూ తలలు ఊపుతున్నారు. ఊపేవాళ్లను చూస్తుంటే నాకు ఒక అనుమానం వచ్చింది. నేను ఎట్లా ఊపుతానో వాళ్లూ అట్లనే ఊపుతున్నారు.

లేచాను. వేదిక ముందుకు పోయి మనవాళ్ల వైపు తిరిగాను. సాగర్ ఏదో అడిగాడు, నేను చూడలేదు. గొంతు వాడలేదు. షెడ్డులో మాట్లాడినట్టే పెదవులు మాత్రం కదిలించి, చెవి మీద చెయ్యి పెట్టి అడిగాను: "నాకు ఇనవడ్తలేదు. ఇంకెవలెవలకు ఇనవడ్తలేదు?"

ఎవరూ కదలలేదు. ఇక అయిపోయింది, పరువంతా పోయింది అనుకున్నాను. అప్పుడు చివరి వరుసలో ఒక చెయ్యి లేచింది. బుచ్చన్నది. నా చెవికి పింఛనివ్వాలన్న బుచ్చన్నది! ఆ పక్కన ఇంకొకటి. ముందు వరుసలో ఇంకొకటి. తలకు రంగేసుకున్న వాళ్లవి, నాకంటే చిన్నవాళ్లవి, కండెలు చుట్టే ఆడవాళ్లవి కూడా. ఒక్కొక్కరం మనకొక్కరికే పోయిందనుకుని ఇన్నాళ్లు ఒకరి నుంచి ఒకరం దాచుకున్నాం, చెల్లే.

సాగర్ మైకు దించేశాడు. "బాపూ, నువ్వు సుత?" అన్నాడట. బుచ్చన్నకు అది వినబడలేదు. పక్కవాడు సైగతో చెబితే కొడుకు వైపు చూసి అవునన్నట్టు తల ఊపాడు. ఆ పిల్లగాడు వేదిక దిగి వచ్చి వాళ్ల బాపు పక్కన కూర్చున్నాడు.

అప్పుడు గొంతు తెరిచాను. మైకు లేకుండానే. "గుడ్డ నేసినోల్లం. ఎవలనీ అడుక్కుంటలేం. సాంచ కాడ పనిచేసే ప్రతి మనిషికి ఏడాదికోసారి చెవి పరీక్ష చెయ్యాలె, చెవులకు దుద్దులియ్యాలె. గా మాట రాసిచ్చినోనికే మా ఓటు" అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. చేతులు ఎవరూ దించలేదని మాత్రం చూశాను. వేదిక మీద ఉన్నవాళ్లంతా కాగితాలు తీశారు.

నాకు ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు. వాడలో నా చెవి గొప్పదన్నప్పుడు కూడా కలగలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే జనార్దన్ బండి ఆపాడు. హాలులో అతనూ ఉన్నాడు. నా ముఖంలోకి చూసి ఏదో అడిగాడు. వీధిలైటు అతని వెనక ఉండటంతో పెదవులు కనపడలేదు. ఇదివరకైతే "సరే సరే" అని నడిచేవాణ్ని.

"నాకు ఇనవడలే, మల్ల చెప్పు" అన్నాను.

అతను బండి దిగి, వెలుగులోకి వచ్చి, నెమ్మదిగా చెప్పాడు: "రేపు కొత్త బీములు పంపుత, పరశురాములన్నా. దించుకుంటవా?"

దించుకుంటానన్నాను.

మీ అన్న,
పరశురాములు